గుమ్మం బయట నిలబడ్డ తల్లి: మహాప్రజాపతి గౌతమి



పున్నమి రోజు మన విహారంలో ఏం జరుగుతుందో ఒకసారి తలుచుకోండి. హాలు ఊడ్చేది, చాపలు పరిచేది, పూలు తెచ్చేది, పాయసం వండేది ఎక్కువగా మన అక్కచెల్లెళ్లే. మరి వందన చెప్పించేది ఎవరు? కమిటీ పుస్తకంలో సంతకం పెట్టేది ఎవరు? ఇది పాత ప్రశ్న. ఇప్పుడు దాని పక్కన ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. పుట్టినప్పుడు మగబిడ్డ అని రాయించుకుని, స్త్రీగా బతుకుతున్న మనిషి విహారానికి వస్తే ఏ వరసలో కూర్చోవాలి? ఆడది అంటే శరీరమా, మనసా? ఆడవాళ్లు పోట్లాడి తెచ్చుకున్న హక్కులకు దీనివల్ల ఏమవుతుంది? దేశదేశాల్లో వాదన నడుస్తోంది. రెండు వైపులా కోపం ఉంది, రెండు వైపులా భయం కూడా ఉంది.

ఈ వాదనలోకి దిగేముందు మీరు ఒక తల్లి జీవితం తెలుసుకోవాలి. సంఘం గుమ్మం ముందు నిలబడి, ఆడదానికి లోపలికి చోటుందా అని మొట్టమొదట అడిగిన మనిషి ఆమె.

దేవదహం ఆడబిడ్డ

గౌతమి కోలియుల ఆడపడుచు. పుట్టిల్లు దేవదహం. ఆమె, మహామాయ అక్కచెల్లెళ్లు. ఇద్దరూ శాక్యుల ఇంటికి, శుద్ధోదనుడికి భార్యలుగా వచ్చారు. సిద్ధార్థుడు పుట్టిన ఏడో రోజున మహామాయ చనిపోయింది. తల్లి లేని ఆ పసివాణ్ణి గౌతమి ఒళ్లోకి తీసుకుంది. తన కడుపున పుట్టిన నందుణ్ణి దాదులకు అప్పగించి, అక్కచెల్లెలి బిడ్డకు తన పాలు ఇచ్చిందని అట్ఠకథలు చెబుతాయి. నందుడు కాక ఆమెకు సుందరీనంద అనే కూతురు కూడా ఉంది. తర్వాతి కాలంలో ఆ ఇద్దరూ సంఘంలో చేరారు.

సిద్ధార్థుడు ఇల్లు విడిచినప్పుడు యశోధర భర్తను పోగొట్టుకుంది, రాహులుడు తండ్రిని పోగొట్టుకున్నాడు. ఇది అందరూ చెబుతారు. పెంచిన తల్లి ఏం పోగొట్టుకుందో చెప్పేవాళ్లు తక్కువ.

సొంత చేతులతో నేసిన బట్ట

కొడుకు బుద్ధుడై కపిలవస్తుకు తిరిగి వచ్చాక గౌతమి తన చేతులతో నేసిన బట్టల జత తీసుకుని నిగ్రోధారామానికి వెళ్లింది. ఇది నీకోసమే, తీసుకోమని అడిగింది. బుద్ధుడు దాన్ని సంఘానికి ఇవ్వమన్నాడు. సంఘానికి ఇస్తే తనకూ ఇచ్చినట్టే అన్నాడు. ఆమె మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ అదే జవాబు. అప్పుడు ఆనందుడు కల్పించుకుని, ఈమె మీకు పాలిచ్చి పెంచిన తల్లి కదా అని గుర్తు చేశాడు. మజ్ఝిమ నికాయంలో ఈ కథ ఉంది. తల్లి ప్రేమ ఒక్క కొడుకు దగ్గరే ఆగిపోకుండా అందరికీ అందాలన్నది అందులో పాఠం. ఇంకో సంగతి కూడా గమనించండి. సంఘానికి ఇవ్వమన్నారు సరే, ఆ సంఘంలో అప్పటికి ఆడదానికి చోటు లేదు.

వైశాలి దారి

రోహిణి నది నీళ్ల కోసం శాక్యులు, కోలియులు కత్తులు దూసే దాకా వెళ్లారు. ఒకటి గౌతమి మెట్టినిల్లు, ఇంకొకటి పుట్టినిల్లు. ఎవరు చచ్చినా ఏడుపు ఆమెదే. బుద్ధుడు ఆ పోరు ఆపాడనీ, తర్వాత రెండు వైపుల నుంచీ చాలామంది యువకులు భిక్షువులయ్యారనీ సంప్రదాయం చెబుతుంది. శుద్ధోదనుడు కూడా కన్నుమూశాడు. భర్తలు సంఘంలోకి వెళ్లిన ఇల్లాళ్లు గౌతమి చుట్టూ చేరారు. మేం మాత్రం ఎవరి నీడన బతకాలి అన్నది వాళ్ల ప్రశ్న.

గౌతమి బుద్ధుడి దగ్గరికి వెళ్లి ఆడవాళ్లకూ దీక్ష ఇవ్వమని అడిగింది. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ కాదన్నాడు. ఏడ్చుకుంటూ వెనక్కి వచ్చింది. కానీ ఊరుకోలేదు. జుట్టు తీయించుకుంది, కాషాయం కట్టింది, ఆడవాళ్లను వెంటబెట్టుకుని కపిలవస్తు నుంచి వైశాలికి నడిచింది. చెప్పులు లేని కాళ్లు, అంతఃపురం దాటని కాళ్లు. మహావనంలోని కూటాగారశాల చేరేసరికి పాదాలు వాచిపోయాయి, ఒళ్లంతా దుమ్ము. గుమ్మం బయటే నిలబడింది. ఒక్కమాటలో చెప్పాలంటే, కాదన్న తర్వాత కూడా వెనక్కి పోని ఊరేగింపు అది.

ఆనందుడు చూశాడు, లోపలికి వెళ్లి ఆమె తరఫున అడిగాడు. మళ్లీ మూడుసార్లు కాదనే జవాబు. అప్పుడు ఆయన ప్రశ్న మార్చాడు. ఈ ధమ్మంలో నడిస్తే ఆడది స్రోతాపన్న దశ నుంచి అర్హంత దశ దాకా చేరగలదా అని అడిగాడు. చేరగలదని బుద్ధుడు ఒప్పుకున్నాడు. అలాంటప్పుడు మీకు పాలిచ్చిన ఈ తల్లికి ఎందుకు కాదంటున్నారని అడిగాడు. గుమ్మం తెరుచుకుంది.

ఎనిమిది షరతులు

తెరుచుకుంది గానీ ఎనిమిది షరతుల మీద తెరుచుకుందని వినయ పిటకం చెబుతుంది. వాటిలో మొదటిది ఇది: నూరేళ్లు దీక్షలో ఉన్న భిక్షుణి అయినా సరే, ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకు లేచి నమస్కరించాలి. గౌతమి ఒప్పుకుంది, పూలదండ తలలో పెట్టుకున్నంత ఇష్టంగా ఒప్పుకుందని రాశారు. కానీ అదే గ్రంథంలో కాస్త ముందుకు వెళ్లి చూడండి. ఆమె మళ్లీ ఆనందుడి దగ్గరికి వచ్చింది. ఆడా మగా అని చూడకుండా, ఎవరు ముందు దీక్ష తీసుకుంటే వాళ్లకు నమస్కారం అని మార్చమని అడిగింది. అది కుదరలేదు. అయినా ఆమె అడిగిన సంగతి గ్రంథంలో నిలిచిపోయింది. లొంగిపోయిన మనిషి మళ్లీ వచ్చి అడగదు.

ఈ షరతుల మీద పండితులు ఎత్తిచూపే చిక్కు ఒకటుంది. రెండేళ్లు శిక్షణలో ఉన్న స్త్రీకి భిక్షు సంఘం, భిక్షుణి సంఘం రెండూ కలిసి దీక్ష ఇవ్వాలని ఒక షరతు. గౌతమి మొదటి భిక్షుణి. అప్పటికి భిక్షుణి సంఘమే లేదు. అందుకే ఇవి తర్వాత చేర్చినవి అయ్యుండొచ్చని చాలామంది అంటారు.

బాబాసాహెబ్ కూడా ఈ గ్రంథాన్ని కళ్లు మూసుకుని చదవలేదు. ఆడవాళ్ల పతనానికి బుద్ధుడే కారణమని ఒక స్త్రీల పత్రికలో వచ్చిన రాతకు 1951లో మహాబోధి పత్రికలో ఆయన వివరంగా జవాబిచ్చారు. పిటకాలు బుద్ధుడి తర్వాత కొన్ని వందల ఏళ్లకు గానీ రాతలోకి రాలేదని, రాసింది భిక్షువులని గుర్తు చేశారు. స్త్రీకి జ్ఞానం, సన్యాసం లేవన్న బ్రాహ్మణ ధర్మం పక్కన పెట్టి చూస్తే, బుద్ధుడు ఇచ్చింది ఎంత పెద్ద హక్కో తెలుస్తుందన్నారు. తన బుద్ధుడు–ధమ్మం గ్రంథంలోనూ, బుద్ధుడు మొదట కాదనడానికి కారణం ఆచరణలో ఇబ్బందులే గానీ స్త్రీ తక్కువన్న భావన కాదని స్పష్టంగా చెప్పించారు. అదే 1951 సెప్టెంబరులో, హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలనివ్వలేదని మంత్రి పదవికి రాజీనామా చేశారు. కూతురికి ఆస్తిలో వాటా, భార్యకు విడాకుల హక్కు ఆ బిల్లులోని మాటలు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు ప్రమాణాలు లేవు. అవే 22 ప్రమాణాలు.

సంఘంలో ఆమె పని

దీక్ష తీసుకుని గౌతమి మూల కూర్చోలేదు. కొందరు భిక్షువులు భిక్షుణుల చేత తమ ఉన్ని ఉతికించడం, రంగు వేయించడం, దువ్వించడం మొదలుపెట్టారు. ఆ చాకిరీతో భిక్షుణులకు చదువుకి, ధ్యానానికి టైము లేకపోయింది. భిక్షుణులు శ్రద్ధగా సాధన చేస్తున్నారా అని బుద్ధుడు అడిగినప్పుడు గౌతమి ఉన్నమాట చెప్పేసింది. వెంటనే బుద్ధుడు అలాంటి పని చేయించడాన్ని తప్పుగా నియమం పెట్టాడు. ఇల్లు విడిచి వచ్చినా ఇంటి చాకిరీ వెంట వచ్చిందని గుర్తించి, దాన్ని ఆపించిన తల్లి ఆమె. పాయసం వండేది ఎవరు, వందన చెప్పించేది ఎవరు అని మొదట అడిగామే, అది ఈ ప్రశ్నే.

చాలాకాలం నుంచి సంఘంలో ఉన్న భిక్షుణుల్లో అగ్రగణ్య అని బుద్ధుడు ఆమెకు స్థానం ఇచ్చాడు. ఆమె తెరిచిన దారిలో పటాచార వచ్చింది, ఖేమ వచ్చింది, సోమ వచ్చింది. సోమను మారుడు ఆటపట్టించాడు, అన్నం ఉడికిందో లేదో రెండు వేళ్లతో చూసుకునే బుద్ధి నీకు నిబ్బానమెందుకని. మనసు కుదిరినప్పుడు ఆడతనం అడ్డమేమీ కాదని, నేను ఆడ, నేను మగ అని పట్టుకు వేలాడేవాళ్ల దగ్గరికి పోయి మాట్లాడుకోమని ఆమె పంపించేసింది.

శరీరం మారితే?

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న. వినయ పిటకంలో ఒక చిన్న ఘట్టం ఉంది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఒక భిక్షువు శరీరంలో స్త్రీ లక్షణం కనిపించింది. భిక్షువులు ఏం చేయాలో తెలియక బుద్ధుడికి చెప్పారు. ఆ వ్యక్తిని వెళ్లగొట్టమనలేదు, మళ్లీ మొదటి నుంచి దీక్ష తీసుకోమనలేదు. అదే గురువు, అదే దీక్ష, అవే దీక్షా సంవత్సరాలు, ఇక భిక్షుణుల మధ్య ఉండమని చెప్పాడు. భిక్షుణికి పురుష లక్షణం వచ్చినా ఇదే పద్ధతి.

దీన్ని జాగ్రత్తగా చూడండి. ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, శరీరం మారితే మనిషి సంపాదించుకున్న శీలం, సాధన, గౌరవం పోవు. రెండు, భిక్షుణుల చోటు వేరుగా ఉంది, అది వేరుగానే ఉండిపోయింది. ఆ వేరు చోటుకి కారణం కూడా ఉంది. భిక్షుణులు అడవుల్లో ఉంటే మగవాళ్ల చేతిలో అఘాయిత్యాలు జరిగాయి. అందుకే అడవిలో ఉండొద్దన్న నియమం వచ్చింది. ఆడశరీరానికి ఉన్న ప్రమాదం నిజం, దాన్ని సంఘం కళ్లారా చూసింది.

ఉన్నది దాచకుండా చెప్పుకోవాలి. పండకులు అని పిలిచినవాళ్లకూ, రెండు లక్షణాలూ ఉన్నవాళ్లకూ దీక్ష ఇవ్వకూడదని అదే వినయంలో ఉంది. కాబట్టి గ్రంథం మొత్తం మన వైపే ఉందని ఎవరూ అనుకోవద్దు. ఎనిమిది షరతులను బాబాసాహెబ్ ఎలా చదివారో, దీన్నీ అలాగే చదవాలి.

గౌతమికి ఇచ్చిన గీటురాయి

ఎలా చదవాలి అన్నదానికి కూడా జవాబు గౌతమి జీవితంలోనే ఉంది. ఒంటరిగా సాధన చేసుకోవడానికి నాకు క్లుప్తంగా ధమ్మం చెప్పమని ఆమె ఒకసారి అడిగింది. బుద్ధుడు ఆమెకు ఒక కొలత ఇచ్చాడు. ఏ బోధ రాగాన్ని, బంధాన్ని, కూడబెట్టే గుణాన్ని, ఆశను, అసంతృప్తిని, సోమరితనాన్ని పెంచుతుందో అది ధమ్మం కాదు. వాటిని తగ్గించేది ఏదో అదే ధమ్మం. ఎవరు చెప్పారని కాదు, ఏం పెంచుతుందని చూడాలి. ఇంత పెద్ద కొలతను బుద్ధుడు ఒక స్త్రీ చేతిలో పెట్టాడు.

ఆ కొలతతో నేటి వాదనను చూడండి. ఆడపిల్లలకు భద్రమైన చోటు కావాలన్నవాళ్లను ద్వేషులని తిట్టడం వల్ల పెరిగేది బంధమే. హిజ్రాను, ట్రాన్స్‌జెండర్ మనిషిని చూసి నవ్వడం వల్ల పెరిగేదీ బంధమే. 2014లో నల్సా తీర్పులో సుప్రీంకోర్టు వాళ్ల గుర్తింపును హక్కుగా ఒప్పుకుంది. నిజాం కాలం నుంచి వాళ్లను నేరస్థుల్లా చూసిన చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. పుట్టుక చూసి నేరస్థులని ముద్ర వేసే చట్టం ఎలా ఉంటుందో మన జాతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. త్రిశరణాలు, పంచశీలాలు కోరి వచ్చిన ఏ మనిషినీ శరీరం గురించి ఆరా తీయాల్సిన పని విహారానికి లేదు. అలాగే మన అమ్మాయిల హాస్టలు, స్నానపు గది, వాళ్ల రక్షణ లాంటి విషయాల్లో వాళ్లనే అడిగి, వాళ్లను కూర్చోబెట్టుకుని తేల్చుకోవాలి. మగవాళ్లు నలుగురు కూర్చుని రెండు పక్షాలకూ తీర్పు చెప్పడం మాత్రం ధమ్మం కాదు.

ఆమె తర్వాత

గౌతమి వైశాలిలోనే కన్నుమూసింది. 120 ఏళ్లు బతికిందని అపదానం చెబుతుంది. లెక్క సంగతి పక్కన పెట్టండి, పండు ముసలితనం దాకా నడిచిన మనిషి. ఆమె సంఘం చాలా దూరం వెళ్లింది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళానికి తీసుకెళ్లింది. అక్కడి భిక్షుణులు 5వ శతాబ్దంలో చైనాకు వెళ్లారు. మన నేల మీద అమరావతి శాసనాల్లో దానాలిచ్చిన భిక్షుణుల పేర్లున్నాయి. నాగార్జునకొండ మహాచైత్యానికి ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి దానాలు చేసింది.

11వ శతాబ్దంలో సింహళంలో భిక్షుణి పరంపర తెగిపోయింది. దీక్షకు రెండు సంఘాలూ ఉండాలన్న ఆ షరతు వల్ల, ఒకసారి తెగాక మళ్లీ మొదలుపెట్టలేమని థేరవాద పెద్దలు వందల ఏళ్లు అన్నారు. చివరికి 1996లో సారనాథ్‌లో, 1998లో బుద్ధగయలో సింహళ స్త్రీలకు మళ్లీ భిక్షుణి దీక్ష జరిగింది. చైనాకు వెళ్లిన పరంపర నుంచి వచ్చిన భిక్షుణులు బుద్ధగయలో ఆ దీక్షకు నిలబడ్డారు. అయినా ఒప్పుకోని పెద్దలు ఇవాళ్టికీ ఉన్నారు.

అందుకని, ఉపాసకులారా, వచ్చే పున్నమికి ఒక పని చేయండి. వందన చెప్పించే చోట ఒక అక్కను కూర్చోబెట్టండి. పాయసం గిన్నె మీరు పట్టండి. వందన మొదలుపెట్టేముందు ఒకసారి గుమ్మం వైపు చూడండి. బయట ఎవరైనా నిలబడి ఉంటే, మూడుసార్లు అడిగించుకోకుండా లోపలికి పిలవండి.

నమో బుద్ధాయ. జై భీమ్.