పీటర్ మెడవార్

తోటమాలి ఒక మామిడికొమ్మను వేఱొక మామిడిమొక్కకు అంటుకట్టును. కొంతకాలమునకు ఆ రెండును ఏకమై, చిగిర్చి, పూచి, కాచును. మొక్కలయందు ఇంత సులభమైన యీ కార్యము మనుష్యులయందు ఏల కొనసాగదు? ఒకని చర్మమునుగాని, మూత్రపిండమునుగాని వేఱొకని దేహము ఏల సహింపదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకి, అవయవముల మార్పిడికి బాట వేసిన శాస్త్రజ్ఞుడు పీటర్ మెడవార్.

మెడవార్ 1915 వ సంవత్సరము ఫిబ్రవరి 28 వ తేదీన బ్రెజిల్ దేశమున జన్మించెను. అతని తండ్రి లెబనాను దేశమున పుట్టి బ్రిటిషు పౌరుడైన వర్తకుడు. తల్లి బ్రిటిషు వనిత. బాల్యముననే మెడవార్ ఇంగ్లండునకు చేరి అచ్చటనే విద్య నభ్యసించెను. 1932 లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరి, జంతుశాస్త్రములో ప్రథమశ్రేణి యందు ఉత్తీర్ణుడయ్యెను. 1937 లో తన సహాధ్యాయిని జీన్ టేలరును వివాహమాడెను.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1940 లో ఒకనాడు ఆక్స్‌ఫర్డులో మెడవార్ నివసించు ఇంటికి సమీపమున ఒక విమానము కూలిపోయెను. అందలి యువకుడొకడు దేహమంతయు కాలి ఆసుపత్రికి చేరెను. అతనికి కప్పుటకు చాలినంత సొంత చర్మము మిగిలియుండలేదు. ఇతరుల చర్మమును అతికించినచో అది కొలది దినములలో ఎండి రాలిపోవును. ఆ యువకుని బాధ మెడవార్ హృదయమును కదలించెను. జంతుశాస్త్రమును గ్రంథములలో చదివిన పండితుడు నాటినుండి ఆసుపత్రిలోని రోగుల కొఱకు శ్రమింప నారంభించెను.

తరువాత అతడు గ్లాస్గో నగరములోని కాలినగాయముల చికిత్సాశాలకు వెళ్లి, గిబ్సన్ అను శస్త్రవైద్యునితో కలసి పనిచేసెను. అచ్చట ఒక యువతి గాయములకు ఆమె సొంత చర్మపు ముక్కలను, ఆమె సోదరుని చర్మపు ముక్కలను అతికించిరి. ఆమెవి నిలిచెను, సోదరునివి నశించెను. రెండవమాఱు ఆ సోదరుని చర్మమునే అతికించి చూడగా, అది మొదటిదానికంటె శీఘ్రముగా నశించెను. ఒకమాఱు తట్టు వచ్చిన బిడ్డకు మరల తట్టు రాకుండుటకు కారణము, దేహము ఆ క్రిమిని జ్ఞాపకముంచుకొనుటయే గదా! అటులనే పరాయి చర్మమునుగూడ దేహము గుర్తుంచుకొని ఎదిరించుచున్నదని గిబ్సన్, మెడవార్‌లు 1943 లో ప్రకటించిరి. రోగములనుండి మనలను కాపాడు శక్తియే ఇచ్చట చికిత్సకు అడ్డు తగులుచున్నదని తేలెను.

ఈ అడ్డును తొలగించు ఉపాయమేమి? 1947 లో మెడవార్ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అచ్చట తన శిష్యుడు బిల్లింగ్‌హామ్‌తో కలసి కవలదూడలపై పరీక్షలు చేసెను. ఒకే అండమునుండి పుట్టిన కవలలు మాత్రమే పరస్పరము చర్మమును స్వీకరించునని వారు తలచిరి. కాని వేఱువేఱు అండములనుండి పుట్టిన కవలలుకూడ స్వీకరించెను! తల్లిగర్భములో ఉండగనే ఆ దూడల రక్తములు కలసిపోవునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఓవెన్ 1945 లోనే కనుగొనియుండెను. పుట్టుకకు ముందే పరిచయమైన దానిని దేహము పరాయిదిగా నెంచదని మెడవార్ గ్రహించెను.

1951 లో అతడు లండనునకు మాఱెను. బిల్లింగ్‌హామ్, బ్రెంట్ అను సహచరులతో కలసి, గర్భములోని ఎలుకపిల్లలకు వేఱొక జాతి ఎలుక కణములను ఎక్కించెను. అవి పెరిగిన పిదప ఆ జాతి ఎలుక చర్మమును ఎదిరింపక స్వీకరించెను. ఈ విషయమును 1953 లో లోకమునకు తెలిపిరి. ఈ పద్ధతి మనుష్యులకు నేరుగా ఉపయోగపడునది కాదు. అయినను దాటరానిదని భావించిన గోడను దాటవచ్చునని వైద్యులకు ధైర్యము కలిగెను. 1954 లో బోస్టన్ నగరమున ముర్రే అను వైద్యుడు సమరూప కవలల మధ్య మూత్రపిండమును విజయవంతముగా మార్చెను. అటుపిమ్మట దేహపు ఎదిరింపును తగ్గించు మందులు వచ్చి, కవలలు కానివారికిని ఈ చికిత్స లభించెను.

1960 లో మెడవార్‌కు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్‌కు కలిపి నోబెల్ బహుమతి నిచ్చిరి. ఆ ఘనత తన ఒక్కనిదే కాదని తలచి, మెడవార్ తన ధనములో కొంత భాగమును బిల్లింగ్‌హామ్, బ్రెంట్‌లకు పంచియిచ్చెను.

1969 లో అతడు ఒక దేవాలయమున ప్రార్థనాసమయమున గ్రంథపఠనము చేయుచుండగా మెదడులో రక్తస్రావము కలిగెను. దేహములో ఎడమభాగము చచ్చుపడెను, చూపు తగ్గెను. అప్పటికి అతని వయస్సు 54 సంవత్సరములు. అయినను అతడు నిరుత్సాహము చెందలేదు. భార్య అండగా నిలువగా పరిశోధనను, గ్రంథరచనను కొనసాగించెను. యువశాస్త్రజ్ఞులకు హితము చెప్పు గ్రంథమును 1979 లో ప్రకటించెను. 1987 అక్టోబరు 2 వ తేదీన కన్నుమూసెను.

మెడవార్ తొలిచిన బావి నేటికిని ఎండలేదు. మూత్రపిండములు చెడిన పిల్లలు సరిగా ఎదుగరు. తల్లిగాని తండ్రిగాని ఇచ్చిన మూత్రపిండము వారికి ఆటపాటలను, బడిని మరల ప్రసాదించును. కాని ఆ పరాయి అవయవముపై ఆ పిల్లల దేహము కొన్నాళ్లకు ప్రతిరక్షకములను పుట్టింపవచ్చును. రక్తములో తిరుగు ఈ సూక్ష్మపదార్థములు చప్పుడు చేయక ఏండ్ల తరబడి అవయవమును క్షీణింపజేయును. మందులను మానినచో ఈ ప్రమాదము అధికమగును. ముందు దీర్ఘజీవితమున్న పిల్లలకు రెండవ మూత్రపిండము అవసరము కావచ్చును. అప్పుడు పాత ప్రతిరక్షకముల వలన తగిన దాత దొరకుట కష్టము కావచ్చును. గ్లాస్గోలో రెండవమాఱు అతికించిన చర్మము త్వరగా నశించుటలో కనబడిన దేహపు జ్ఞాపకమే ఇదియు. అందుచేత వైద్యులు పిల్లల రక్తమును తఱచుగా పరీక్షించుచు, మందులను తప్పక వాడుమని చెప్పుచుందురు.

కాలిన యువకుని చూచి మనసు కరగిన ఒక పండితుని ప్రశ్న ఎందఱో పిల్లల ప్రాణములను నిలిపెను. పరుల బాధను తన బాధగా నెంచి, ఓర్పుతో సత్యమును వెదకుటయే విద్యకు సార్థకత.