ఆల్బెర్ట్ కాల్మెట్ - బి.సి.జి. కథ

మనలో చాలామంది ఎడమ భుజంపై ఒక చిన్న మచ్చ ఉన్నది. అది బి.సి.జి. టీకా గుర్తు. ఆ మూడక్షరాలలో నడిమి అక్షరం ఆల్బెర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి వైద్యునిది. ఆ మహనీయుని జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా పరిచయం చేయదలచినాము.

కాల్మెట్ 1863లో ఫ్రాన్సు దక్షిణ తీరాన గల నీస్ నగరంలో జన్మించారు. నౌకాదళ వైద్యునిగా దూరదేశాలు తిరిగి, 1891లో సైగాన్‌లో పాశ్చర్ సంస్థను నెలకొల్పారు. పాముకాటుకు విరుగుడు సీరం తయారుచేసిన తొలి శాస్త్రవేత్తలలో ఆయన ఒకరు. 1895లో లీల్ నగరపు పాశ్చర్ సంస్థకు అధిపతి అయినారు. అక్కడ ఆయన దృష్టి క్షయవ్యాధిపై నిలిచింది.

పశువైద్యుడు కామీల్ గెరాన్‌తో కలిసి ఆయన పశువుల క్షయక్రిమిని 1908 నుండి ఎద్దు పిత్తరసంలో ఉడికించిన బంగాళాదుంప ముక్కలపై పెంచసాగారు. మూడేసి వారాలకు దానిని కొత్త ముక్కపైకి మార్చేవారు. ఇట్లు 13 సంవత్సరాలలో సుమారు 230 పర్యాయాలు మార్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లీల్ జర్మనుల వశమైనా ఆ పని ఆగలేదు. క్రమంగా ఆ క్రిమి రోగం కలిగించే శక్తిని కోల్పోయింది. దేహంలోని రక్షణశక్తిని మేల్కొలిపే గుణం మాత్రం నిలిచింది. 1921లో పారిస్‌లో తొలిసారిగా ఒక శిశువుకు ఆ మందు ఇచ్చారు.

1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో ఈ మందు తీసుకొన్న పసికందులు 70 మందికి పైగా మరణించారు. అక్కడి ప్రయోగశాలలో అసలైన క్షయక్రిములు మందులో కలిసిపోవడమే కారణమని విచారణలో తేలింది. దోషం తనది కాకపోయినా ఆ దుఃఖం కాల్మెట్‌ను కుంగదీసింది. 1933లో ఆయన కన్నుమూశారు. 1948లో భారతదేశంలో ఈ టీకా ఆరంభమైన తొలి చోట్లలో మన మదనపల్లె ఒకటి.

కథ అంతటితో ముగియలేదు. కాన్సర్ కణం మన దేహంలో పుట్టినదే కనుక రక్షక కణాలు తరచు దానిని శత్రువుగా గుర్తించలేవు. 1976లో కెనడాలో ఆల్వారో మొరాలెస్, ఆయన సహచరులు మూత్రాశయ కాన్సర్ గల తొమ్మిదిమందికి బి.సి.జి.ని సన్నని గొట్టం ద్వారా మూత్రాశయంలోనికే పంపి, కణితులు తిరిగి రావడం తగ్గినదని ప్రకటించారు. ఆ బలహీన క్రిములపైకి వచ్చిన రక్షక కణాలు, అక్కడే దాగిన కాన్సర్ కణాలను సైతం పసిగట్టి సంహరిస్తాయి. 1990లో అమెరికా ప్రభుత్వం ఈ చికిత్సను ఆమోదించింది. కండరంలోనికి చొచ్చుకొనిపోని మూత్రాశయ కాన్సర్‌కు నేటికీ ఇది ముఖ్యమైన చికిత్స.

క్షయకై చేసిన మందు కాన్సర్‌పై పనిచేయడం కాల్మెట్ చూడలేదు. ప్రయోగశాలలో అడుగిడే మన విద్యార్థులు లీల్‌లోని ఓర్పును, ల్యూబెక్‌లోని అజాగ్రత్తను రెండింటినీ గుర్తుంచుకోవాలని మా ఆకాంక్ష.