గండికోట గెలిచిన మీర్ జుమ్లా

మన బద్వేలునుండి మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా గండికోటకు పోయిన విద్యార్థులు, పెన్నానది కొండను చీల్చుకొని పారు లోయను, మాధవరాయస్వామి గోపురమును, జుమ్మా మసీదును, ధాన్యపు కొట్టును చూచి యాశ్చర్యపడుదురు. పెమ్మసాని నాయకులనుండి 1650లో ఈ దుర్గమును గైకొన్న మీర్ జుమ్లాను గూర్చి యడిగినచో మాత్రము చెప్పగలవారు కొందరే.

అతని పేరు మహమ్మదు సయ్యదు. మీర్ జుమ్లా యనునది బిరుదము. పారసీక దేశమున అర్దిస్తానులో నొక బీద నూనె వర్తకునికి జన్మించెను. కొంచెము చదువు వచ్చినందున వజ్రవర్తకునియొద్ద గుమాస్తాగా కుదిరి గోలకొండకు వచ్చెను. పిమ్మట తానే గనులు గుత్తకు తీసికొని, ఓడలు నడపి, మిక్కిలి ధనవంతుడై, అబ్దుల్లా కుతుబ్‌షాకు మంత్రి యయ్యెను. ఉదయగిరియు, మన పొరుగున నున్న సిద్ధవటమును అతనికి లోబడినవే.

1652లో తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు గండికోటకు వచ్చి యతనిని చూచి వ్రాసియుంచెను. నవాబు వట్టికాళ్లతో కూర్చుండి, కాలివ్రేళ్ల సందులను, ఎడమచేతి వ్రేళ్ల సందులను జాబులు చెక్కుకొని, ఒక్కొక్కటే తీసి యిద్దరు వ్రాయసగాండ్రకు ప్రత్యుత్తరములు చెప్పుచుండెనట. ఆ కూర్చున్న చోటనే నేరస్థులను విచారించి, ఒక హంతకునికి కాలుసేతులు నరకింప నాజ్ఞాపించెను. ఇంత చుఱుకుదనమును, ఇంత కాఠిన్యమును ఒక్కనియందే యుండుట చూడుడు.

ఆలయములలోని రాగి విగ్రహములను కరగించి ఫిరంగులు పోతపోయుట కతడొక ఫ్రెంచివానిని నియమించెను. గండికోట గుడిలోని యారు విగ్రహములు ఎంత కాచినను కరగలేదనియు, అర్చకులు మంత్రము వేసిరని నవాబు వారిని బెదరించెననియు, తుద కొక్క ఫిరంగియైనను సరిగా రాలేదనియు ఆ వర్తకుడే తెల్పుచున్నాడు. కొలిమి వేడి చాలకపోయి యుండును. కాని, ఆ దినములలో ఊరివారి గుండెలలోని వేడి యెట్టిదో ఊహింపవచ్చును.

స్వంత వ్యయముతో ఐదువేల గుర్రపుదళమును పోషించుచు, గెలిచిన సీమను తన రాజ్యమువలె నేలుచున్న మంత్రిని రాజు శంకించుటలో వింత లేదు. 1655లో రాజతని కుమారుని చెరబెట్టెను. మరుసటి యేడు ఔరంగజేబు గోలకొండను ముట్టడించెను. మీర్ జుమ్లా మొగలాయి పక్షము చేరి, షాజహానుకు వజీరయ్యెను. తన్ను పెంచిన రాజ్యమును విడిచిన యీ పని యతని కీర్తికి మచ్చయే.

1660లో బంగాళమునకు సుబేదారై, 1662లో అస్సాము రాజధానియగు గఢ్‌గాఁవును పట్టెను. వానలు ముంచుకొని వచ్చి దారులు తెగెను. తిండి లేక, జ్వరములచే సైన్యము నశించెను. తానును రోగియై, 1663 మార్చిలో ఢాకాకు మరలుచు దారిలోనే మరణించెను. గారోకొండల చెంత మంకాచారులో అతని గోరి కలదు.