తంబూరా పట్టిన సుల్తాను
(బీజాపూర్ రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా జీవితం)

మన ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిందంటే మాంజా రాత్రి ఢోలక్ మోగాల్సిందే. ఖాలా ఒక పాట అందుకుంటుంది, ఫుప్పూ దాన్ని పెంచుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. మీలాద్ వచ్చిందంటే కుర్రాళ్ళు నాత్‌లు తయారు చేస్తారు. ఎవరో ఒకరు పాత హార్మోనియం దుమ్ము దులుపుతారు. వీళ్ళెవ్వరూ ఉస్తాదులు కారు. ఒకరిది కిరాణా కొట్టు, ఒకరు బడిపంతులు, ఇంకొకరు బస్సు కండక్టరు. పాట వీళ్ళకు అన్నం పెట్టదు. అయినా పాట లేకపోతే వీళ్ళకు అన్నం సహించదు.

ఈ వరస ఎక్కడ నేర్చావని అడిగితే మాత్రం చాలామంది సిగ్గుపడతారు. సినిమాలో విన్నదని చెప్పడానికి ఒకరికి నామోషీ. పక్కింటి భజనలో విన్నదని చెప్పడానికి మరొకరికి భయం. నానీమా తిరగలి దగ్గర పాడేదని చెప్పడం ఇంకొకరికి చిన్నతనం. అంతా తన బుర్రలోంచే పుట్టిందన్నట్టు తప్పించుకుంటారు. ఇలాంటి వాళ్ళందరూ తెలుసుకోదగిన మనిషి ఒకడు నాలుగు వందల ఏళ్ళ క్రితం మన దక్కన్ గడ్డ మీద వుండేవాడు. ఆయన సింహాసనం మీద కూర్చున్న సుల్తాను. సంగీతంలో మాత్రం జీవితమంతా విద్యార్థి. ఎవరి దగ్గర ఏమి తీసుకున్నాడో దాచిపెట్టకుండా తన పాటల్లోనే చెప్పుకున్నవాడు. ఆయనే బీజాపూర్ రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా.

బీజాపూర్ నేటి కర్ణాటకలో వుంది. ఇప్పుడు విజయపుర అంటున్నారు. మనవాళ్ళు గుల్బర్గా ఉర్సుకు వెళ్ళినప్పుడు అటు కూడా వెళ్ళి గోల్ గుంబజ్ చూసి వస్తుంటారు. ఆ గుంబజ్ కింద నిద్రపోతున్నది ఇబ్రహీం కొడుకు ముహమ్మద్ ఆదిల్‌షా. తండ్రి సమాధి ఆ వూళ్ళోనే మరో దిక్కున వుంది. దాని సంగతి చివర్లో చెప్పుకుందాం.

1580లో ఇబ్రహీం పెదనాన్న మొదటి అలీ ఆదిల్‌షా హత్యకు గురయ్యాడు. ఆయనకు సంతానం లేదు. తమ్ముడి కొడుకు ఇబ్రహీంకు కిరీటం పెట్టారు. అప్పటికి పిల్లవాడి వయసు తొమ్మిదేళ్ళు. అలీ భార్య చాంద్ బీబీ రాజ్య భారం మోసింది. అహ్మద్‌నగర్ కోటను మొగలులకు ఎదురు నిలిచి కాపాడిన వీరవనిత చాంద్ బీబీ ఆమే. అయితే బీజాపూర్ దర్బారులో సర్దారుల కుమ్ములాటలు ఆగలేదు. దిలావర్ ఖాన్ అనే సర్దారు పెత్తనం చేతికి తీసుకుని 1590 దాకా అన్నీ తానై నడిపాడు. ఆ యేడు ఇబ్రహీం అతన్ని తప్పించి అసలైన పాలకుడయ్యాడు. పదేళ్ళపాటు పేరుకే సుల్తానుగా, పెద్దల తగాదాల మధ్య పెరిగిన పిల్లవాడన్నమాట.

ఆ వూరు ఎలాంటిదో కొంచెం ఊహించుకోండి. దర్బారులో ఇరాన్ నుంచి వచ్చిన కవులు పారశీకంలో కవిత్వం చదివేవారు. బజారులో కన్నడం, మరాఠీ, దక్కనీ కలిసి వినిపించేవి. గుళ్ళల్లో పదాలు, కీర్తనలు. ఊరి బయట షాపూర్ గుట్ట మీద సూఫీ పెద్దలు షా మీరాంజీ, ఆయన కుమారుడు బుర్హానుద్దీన్ జానం దైవమార్గాన్ని పారశీకంలో కాకుండా జనం భాష దక్కనీలో చెప్పారు. తిరగలి విసిరే ఆడవాళ్ళు పాడుకోవడానికి వీలుగా చక్కీనామాలు రాసిన సంప్రదాయం బీజాపూర్ సూఫీలదే. తిరగలి తిరిగే లయకు అల్లాహ్ నామం జోడించారు. ఉత్తరాన గ్వాలియర్ రాజు మాన్‌సింగ్ తోమర్ కాలంలో పెంపొందిన ధ్రుపద్ గానం కూడా అప్పటికి దక్కన్‌కు చేరింది. ఇవన్నీ ఒక్క వూళ్ళోనే వినిపించేవి. చెవులున్నవాడికి కొదవేముంది?

ఇబ్రహీంకు చెవులూ వున్నాయి, ఓపికా వుంది. ధ్రుపద్ గానంలో ఆయనకు గురువు బఖ్తర్ ఖాన్ అనే కలావంతు. సుల్తాను తన సోదరుడి కుమార్తెను ఈ గాయకుడికిచ్చి పెళ్ళి చేశాడు. ఈ సంగతి మొగల్ చక్రవర్తి జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. పాటగాడంటే విందులో పాడి బహుమతి పుచ్చుకుని పోయేవాడనుకునే కాలంలో, పాట నేర్పినవాణ్ణి కుటుంబంలో కలుపుకున్నాడు సుల్తాను. ఆయన దృష్టిలో గురువు స్థానం అంతటిది.

ఆయన వాయించిన వాద్యం తంబూర్. దానికి మోతీ ఖాన్ అని పేరు పెట్టుకున్నాడు. మనం పిల్లలకు పెట్టుకున్నట్టు, సర్దారుకు బిరుదిచ్చినట్టు! ఆతష్ ఖాన్ ఆయన ప్రియమైన ఏనుగు. మోతీ ఖాన్ మీదా, ఆతష్ ఖాన్ మీదా పాటలు కట్టాడు. చిత్రకారుడు ఫరూఖ్ బేగ్ గీసిన బొమ్మ ఒకటి ఇప్పుడు ప్రాగ్ నగరంలోని మ్యూజియంలో వుంది. అందులో సుల్తాను తంబూర్ వాయిస్తూ కూర్చుని వున్నాడు. రాజులు కత్తితో, డేగతో బొమ్మ గీయించుకునే రోజుల్లో ఈయన తంబూర్‌తో గీయించుకున్నాడు.

ఆయన పాటలన్నీ కలిపిన పుస్తకం పేరు కితాబె నౌరస్. అందులో 59 పాటలు, 17 దోహాలు వున్నాయి. భాష దక్కనీ. కానీ మనం ఇంట్లో మాట్లాడే దక్కనీ కంటే సంస్కృత పదాలు చాలా ఎక్కువ. నవరసాలే నౌరస్ అయ్యాయి. పారశీకంలో అదే మాటకు కొత్తగా పండినది అనే అర్థం కూడా వస్తుంది. ఒకే మాట రెండు భాషల్లోనూ తియ్యగా పలికింది. ఇరాన్ నుంచి వచ్చిన జుహూరీ అనే మహాకవి దీనికి పారశీకంలో ముందుమాట రాశాడు. డాక్టర్ నజీర్ అహ్మద్ పరిష్కరించిన ప్రతి 1956లో ఢిల్లీలో అచ్చయింది.

ఆ పుస్తకం తెరిస్తే అసలు విషయం అర్థమవుతుంది. ప్రతి పాట పైనా రాగం పేరుంటుంది. భైరవ్, ఆసావరి, తోడి, మల్హార్, కల్యాణ్, కేదారా, కానడా. అన్నీ ఈ దేశపు రాగాలే. కానీ ఆ శీర్షికలో రాగం అనే మాట బదులు మఖాం అని వుంటుంది. అది అరబ్బు, ఇరాన్ సంగీతం వాళ్ళ మాట. నౌరోజ్ అనే ఇరాన్ పేరుగల వరస కూడా వీటి పక్కనే కూర్చుంది. అంటే ఇంటి పేరు ఒక చోటిది, మనిషి పేరు మరో చోటిది.

పాటల లోపలికి వెళితే సరస్వతి స్తుతి వుంది. ప్రవక్త (స) స్మరణ వుంది. గుల్బర్గా హజరత్ బందా నవాజ్ గేసూ దరాజ్ గారి పొగడ్త వుంది. గేసూ దరాజ్ గారు 1422లో పరమపదించారు. ఆయన ఖాన్ఖాలో సమా గోష్ఠి జరిగేది. ఒక పాటలో ఇబ్రహీం తన బొమ్మ తానే గీసుకున్నాడు. ఒక చేతిలో వాద్యం, ఇంకో చేతిలో పుస్తకం, మెడలో స్ఫటికమాల, ఊరు విద్యాపురం, తండ్రి గణపతి, తల్లి సరస్వతి అన్నాడు. బీజాపూర్‌కు ఆయన పెట్టుకున్న ముద్దుపేరు విద్యాపురం. మరో పాటలో, భాషలు వేరైనా మనసులోని భావం ఒక్కటేననీ, తురకైనా బ్రాహ్మణుడైనా అంతేననీ చెప్పాడు.

ఇది చదివి కొందరు ఆయన దీన్ వదిలేశాడన్నారు. ఇంకొందరు ఆయన్ని తమవాడని లాక్కున్నారు. సంగీతం విషయంలో మన పెద్దల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ తీర్పు చెప్పడానికి ఈ వ్యాసం చాలదు, రాసేవాడికీ అంత అర్హత లేదు. కానీ ఒక్కమాట అనిపిస్తుంది. ఈ దేశపు రాగం పాడేవాడికి ఆ విద్య ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలుసు. ఆ ఇంటివాళ్ళు విద్యకు అధిదేవతగా ఎవరిని తలుచుకుంటారో ఆయనా ఆమెనే తలుచుకుని పాడాడు. తీసుకున్న చోటును చెరిపెయ్యలేదు. జనం ఆయన్ని జగద్గురు అన్నారు.

అక్బర్ పాదుషా దూతగా అసద్ బేగ్ 1603–04లో బీజాపూర్ వచ్చాడు. రాత్రి సభకు వెళ్ళేసరికి సుల్తాను సంగీతంలో ఎంతగా మునిగి వున్నాడంటే, దూత మాటలకు జవాబు చెప్పడమే కష్టమైందట. తేరుకున్నాక ఆయన అడిగిన ప్రశ్నల్లో తాన్‌సేన్ సంగతి వుంది. తాన్‌సేన్ అప్పటికే కన్నుమూశాడు. ఆయన పాదుషా ఎదుట నిలబడి పాడేవాడా, కూర్చుని పాడేవాడా అని అడిగాడు సుల్తాను. దర్బారులో నిలబడే పాడేవాడనీ, రాత్రి సభల్లోనూ పండుగల్లోనూ కూర్చోనిచ్చేవారనీ దూత చెప్పాడు. సంగీతం ఎల్లవేళలా వినదగినదనీ, పాడేవాళ్ళను సంతోషంగా వుంచాలనీ సుల్తాను అన్నాడు.

కానీ ఆ దూత వచ్చింది పాటల కబుర్లకు కాదు. సుల్తాను కూతురిని అక్బర్ కుమారుడు దానియాల్‌కు పెళ్ళికూతురుగా తీసుకుపోవడానికి వచ్చాడు. 1604లో ఆ పెళ్ళయింది. మరుసటి యేడే దానియాల్ చనిపోయాడు. మొగల్ సైన్యం గుమ్మంలో వుండగా పాడుకున్న పాటలివి. తీరిక ఎక్కువై పాడినవని అనుకోకూడదు.

మన తెలుగు నేలతో కూడా ఆయనకు చుట్టరికం వుంది. హైదరాబాదు నగరం కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా సోదరిని ఇబ్రహీం 1587లో పెళ్ళి చేసుకున్నాడు. బావా బావమరుదులిద్దరూ 1580లోనే గద్దెనెక్కారు, ఇద్దరూ దక్కనీలో రాశారు. ఈనాడు మన నక్కో, హౌ విని ఉత్తరాది వాళ్ళు నవ్వితే మన పిల్లలు తలదించుకుంటున్నారు. ఇద్దరు సుల్తానులు ఏరి కోరి రాసిన భాష అది.

ఇబ్రహీం 1599లో బీజాపూర్ పక్కన తొర్వి దగ్గర నౌరస్‌పూర్ అనే కొత్త నగరం మొదలుపెట్టాడు. సంగీతానికే ఒక ఊరు అన్నమాట. నాణేనికి కూడా నౌరస్ పేరే పెట్టాడు. ఇరవై అయిదేళ్ళు గడవకముందే, 1624లో, అహ్మద్‌నగర్ సేనాని మలిక్ అంబర్ దండెత్తి వచ్చి ఆ వూరిని ధ్వంసం చేశాడు. సంగీత్ మహల్ శిథిలాలు ఇప్పటికీ అక్కడ నిలబడి వున్నాయి. పాటల పిచ్చిలో రాజ్యం పాడుచేసుకున్నాడని అనేవాళ్ళున్నారు. 1619లో బీదర్‌ను తన రాజ్యంలో కలుపుకున్నది కూడా ఆయనే. కాబట్టి ఆ మాట పూర్తిగా నిజం కాదు. కానీ ప్రేమించి కట్టుకున్న ఊరు కాలిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. అదీ నిజమే.

1627లో ఇబ్రహీం కన్నుమూశాడు. ఇబ్రహీం రౌజాలో భార్య తాజ్ సుల్తానా, కుటుంబ సభ్యులతో పాటు పడుకుని వున్నాడు. మలిక్ సందల్ పర్యవేక్షణలో కట్టిన ఆ కట్టడం గోడల మీద, కిటికీల జాలీల మీద రాతిలోనే ఖురాన్ వాక్యాలు చెక్కారు. వెలుతురు ఆ అక్షరాల సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆయన దీన్ గురించి వాదించేవాళ్ళు ఒకసారి ఆ జాలీల ముందు నిలబడి రావాలి.

కట్టిన ఊరు నాలుగు గోడలైంది. రాజ్యం 1686లో ఔరంగజేబు చేతికి పోయింది. 59 పాటలు మాత్రం మిగిలాయి. వాటిలో గురువు బఖ్తర్ ఖాన్ నేర్పిన ధ్రుపద్, గుల్బర్గా దర్గా, గుడి పదం, ఇరాన్ మఖాం, ఎవరి వాటా వాళ్ళకు ముట్టింది.

మన సంఘంలో పాడేవాళ్ళు, రాసేవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళకు ఒక్క మనవి. ఈసారి ఎవరైనా మీ పాట మెచ్చుకుని ఎక్కడిదని అడిగితే దాచకండి. సినిమాదైతే సినిమాదనండి, పక్కింటి భజనదైతే అదే చెప్పండి. ఇంట్లో దాదీమా వుంటే ఈ పండుగకు ఆమె దగ్గర కూర్చుని తిరగలి పాటో, జోల పాటో ఒక్కటి నేర్చుకుని, కింద ఆమె పేరు రాసి పెట్టండి. సుల్తానుకు తప్పని మర్యాద మనకూ తప్పదు.