కొలచల సీతారామయ్య: ఉయ్యూరునుండి మాస్కోవరకు

బెజవాడ ఆనకట్టను దాటిన కృష్ణ పులిగడ్డయొద్ద రెండుపాయలై, దివిసీమను నడుమ నిడుకొని సముద్రమున గలియును. ఆ నదికి ఎడమగట్టు వైపున, బందరుకు బోవు దారిలో ఉయ్యూరు గలదు. దానికి తూర్పున గుడివాడ, ఆగ్నేయమున మచిలీపట్నము, దక్షిణమున దివిసీమ. 1855లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువనీటితో పచ్చబడిన ఈ నేల, నీరు గడ్డకట్టు చలిని ఎన్నడును ఎఱుగదు. అట్టి ఊర 1899 జూలై 15వ తేదీన జన్మించిన కొలచల సీతారామయ్యగారు, హిమదేశమున యంత్రములు కదలుటకు వలయు తైలముల శాస్త్రమునకు తమ జీవితమును ధారవోసిరి.

ఆయన బాల్యము కృష్ణామండలమున కొత్తగాలులు వీచిన కాలము. 1902లో బందరున కృష్ణాపత్రిక వెలసెను. 1910లో అచ్చటనే ఆంధ్ర జాతీయ కళాశాల యేర్పడి, అక్షరవిద్యతోపాటు చేతిపనులును పరిశ్రమలును నేర్పవలెనని సంకల్పించెను. చదువుకొన్న యువకునికి సర్కారు కొలువొకటే గతి కాదనియు, వస్తువులను తయారుచేయు విద్యయే దేశమును నిలబెట్టుననియు తలపు పుట్టిన దినములవి. సీతారామయ్యగారు చెన్నపురి విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రమున పట్టము పుచ్చుకొనిరి. సీమకు బోయి బారిష్టరు కావలెనని పలువురు కోరుకొను కాలమున, ఆయన అమెరికాకు బోయి, చికాగో విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించి డాక్టరు పట్టమును సంపాదించిరి.

అమెరికాలో నాడు మోటారుయుగము ఉచ్చదశయందుండెను. మోటారు వెంట పెట్రోలును, పెట్రోలు వెంట కందెననూనెయు రసాయనికుల ప్రయోగశాలలకు వచ్చినవి. అట్టి విద్య నేర్చినవానికి స్వదేశమున తావెక్కడ? దిగ్బోయి, బర్మా చమురుగనులు అన్యదేశీయ కంపెనీల చేతులలో నుండెను. పరిశోధనశాలలు మిక్కిలి తక్కువ. అమెరికాను 1929లో ఆర్థికమాంద్యము క్రమ్ముకొనెను. ఆ సమయముననే, 1928లో మొదటి పంచవర్షప్రణాళికను చేపట్టిన సోవియట్ రష్యా విదేశీయ ఇంజనీర్లకును శాస్త్రజ్ఞులకును ద్వారములు తెఱచెను. 1930 తరువాతి తొలి సంవత్సరములలో సీతారామయ్యగారు ఆ ద్వారమున ప్రవేశించి, మాస్కోలోనే స్థిరపడిరి. అచ్చట పేరునకు తండ్రిపేరును జోడించు ఆచారము కలదు. ఆ ఆచారమునకు లోబడి ఆయన కాన్‌స్టంటైన్ సెర్గేయివిచ్ రామయ్య అయిరి. సీత వెనుకబడెను, రామయ్య మాత్రము ఇంటిపేరై నిలిచెను.

ఆయన చేపట్టిన సమస్య చూపునకు స్వల్పము. నూనె వేడికి పలుచబడును, చలికి చిక్కబడును. ఇంజనులో రెండు ఇనుపభాగములు ఒరసికొనకుండ నడుమ నూనెపొర యొకటి నిలువవలెను. మిక్కిలి పలుచనైనచో పొర తెగి ఇనుము అఱుగును. మిక్కిలి చిక్కనైనచో ఇంజను కదలనే కదలదు. చలి ముదిరినకొలది ముడిచమురులోని మైనము స్ఫటికములై, నూనెనంతయు పట్టి బంధించును. సున్నకు ముప్పది నలువది డిగ్రీలు దిగువకు దిగు రష్యా శీతకాలమున ట్రాక్టరైనను, లారీయైనను, విమానమైనను ఈ చిక్కులో పడవలసినదే. తైలము చలిలో ఎట్లు ప్రవహించును, ఎప్పుడు ప్రవాహము మాను, దాని చిక్కదనమును ఎట్లు కొలువవలెను అన్న ప్రశ్నలే రామయ్యగారి పరిశోధనకు మూలము.

1941 చలికాలమున ఈ ప్రశ్న ప్రాణముమీదికి వచ్చెను. మాస్కో పొలిమేరలకు వచ్చిన జర్మను సేనల టాంకులు, లారీలు చలికి బిగిసిపోయినవి. ఇంజనుల క్రింద నిప్పుపెట్టి కాచుకొనవలసిన దుర్గతి వారికి పట్టెను. నూనెలో పెట్రోలు కలిపి పలుచజేయు ఉపాయము మొదలగువానితో సోవియట్ సేనలు తమ వాహనములను నడుపుకొనినవి. యుద్ధమును ఒక్కని నూనె గెలిపించినదనుట అతిశయోక్తి. లక్షలమంది రక్తము ధారవోసిన పోరాటమది. కాని, చలిలో తైలముల నడవడిని అంతకుముందే శ్రద్ధతో పరిశీలించుచుండిన కొలదిమంది పండితులలో ఉయ్యూరి బిడ్డ యొకడుండెననుట సత్యము.

యుద్ధానంతరము తైలశాస్త్రము కొత్తమలుపు తిరిగెను. పలుచని నూనెలో పాలీఐసోబ్యూటిలీన్ వంటి దీర్ఘశృంఖల పదార్థమును కొంచెము కరగించిరి. కృత్రిమ నూలుపోగులకు ఆధారమైన పాలిమరుల కుటుంబములోనిదే యిదియును. దాని అణువులు చలిలో ఉండచుట్టుకొని యుండును; వేడిలో విచ్చుకొని నూనెకు చిక్కదన మిచ్చును. ఆ విధమున ఒకే నూనె వేసవికిని శీతకాలమునకును పనికివచ్చును. మసిని పేరుకొననీయక నూనెలో తేలియాడజేయు పదార్థములు, త్రుప్పును ఆపు పదార్థములు తోడైనవి. నూటికి కొలదిపాళ్ళు కలిపిన ఈ మిశ్రమద్రవ్యములు ఇంజను ఆయువునే మార్చివేసినవి. రామయ్యగారు చిరకాలము శ్రమించిన రంగమిదియే.

ఇంధనము వేఱు, తైలము వేఱు, ఇంజను వేఱు అని ఎవరికివారు పరిశీలించుట చాలదనియు, మూడును కలిసి యొక్క కుటుంబమువలె మెలగుననియు సోవియట్ పండితులు గ్రహించిరి. రసాయనమును మోటారును కలిపి ఆ శాస్త్రమునకు 1964లో కెమ్మటాలజీ అని పేరిడిరి. దానికి పునాదులు వేసినవారిలో రామయ్యగారి పేరు నేటికిని చెప్పబడుచున్నది.

పాశ్చాత్యదేశములందు నూతనవస్తువును కనిపెట్టినవాడు పేటెంటు పొంది, దానిని అమ్మియో అద్దెకిచ్చియో ధనము గడించును. సోవియట్ చట్టము వేఱు. అచ్చట పరిశోధకునికి సాధారణముగ దక్కునది కర్తృత్వపత్రము. కనిపెట్టినవాడు ఇతడని ఆ పత్రము చెప్పును. వస్తువును వాడుకొను హక్కు మాత్రము ప్రభుత్వమునది. కర్తకు కొంత పారితోషికము ముట్టును, కీర్తి కర్మాగారముల గోడలు దాటదు. చికాగోలో నిలిచియుండినచో రామయ్యగారు ధనికుడై యుండెడివారేమో! మాస్కోలో ఆయన పనికి గుర్తు, ఎవరి పేరును లేక డ్రమ్ములలో నింపబడిన నూనెయే.

1977 సెప్టెంబరు 29న, డెబ్బదియెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన కన్నుమూసిరి. ఆ యేడు నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టన బెట్టుకొనెను. కృష్ణాతీరమున 1977 అనగానే అందఱికి తలపునకు వచ్చునది ఆ ఉప్పెనయే. దూరదేశమున నాడు కన్నుమూసిన రసాయనికుని తలచువారు తక్కువ. వేసవికిని శీతకాలమునకును సరిపోవు నూనె నేడు ఏ దేశపు దుకాణమునందైనను దొరకును. బందరు రోడ్డున బోవు బస్సులోను, గుడివాడ చేలలో దున్ను ట్రాక్టరులోను, చల్లపల్లినుండి అవనిగడ్డకు సాగు లారీలోను ఆ తైలపు పలుచని పొర ఇనుమునకును ఇనుమునకును నడుమ అగుపడకుండ నిలిచి, యంత్రమును కాపాడుచున్నది.