పని పుట్టించిన దివాన్

మేముండే ప్లేనోకి టయోటా ఆఫీసును తరలిస్తామని 2014లో ప్రకటించినప్పుడు, టెక్సాస్ ప్రభుత్వం 4 కోట్ల డాలర్లు ప్రోత్సాహకంగా ఇస్తామంది. సైట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు మన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారే గుర్తొస్తారు.

ఆయన పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ పథకం గీసిచ్చారు. 1912లో మైసూరు దివాన్ అయ్యారు. బయటి కంపెనీ వస్తుందిలే అని కూర్చోలేదు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయం వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంతో గంధపు చెక్క ఎగుమతి ఆగిపోతే, సర్కారే నూనె ఫ్యాక్టరీ, సబ్బుల ఫ్యాక్టరీ పెట్టింది. భద్రావతి ఇనుము కర్మాగారానికీ ఆయనే పునాది.

అయితే ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకు వాటా ఇవ్వడం ఆయనకు నచ్చలేదు. 1918లో పదవి వదిలేశారు. ఆ ఒక్క విషయంలో ఆయనతో నేను ఏకీభవించలేను. పుట్టించిన పని అందరి గడపకూ చేరాలి కదా!

తర్వాత నష్టాల్లో ఉన్న భద్రావతిని గాడిలో పెట్టారు. అందుకు తనకు రావలసిన డబ్బుతో బెంగళూరులో వృత్తివిద్యా సంస్థ పెట్టించి, దానికి తన పేరు కాకుండా మహారాజు జయచామరాజేంద్ర పేరు పెట్టించారు. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్లు దాటి 1962లో కన్నుమూశారు. డిప్లొమాతో ఇంత దూరం వచ్చిన నాకు, ఆ బడే ఆయన కట్టిన వాటన్నిటిలోకీ పెద్దదనిపిస్తుంది.