మాడభూషి అనంతశయనం అయ్యంగార్

మాడభూషి అనంతశయనం అయ్యంగార్ (ఫిబ్రవరి 4, 1891 - మార్చి 19, 1978) స్వాతంత్ర్య సమరయోధుడు, రాజ్యాంగసభ సభ్యుడు, లోక్‌సభ రెండవ స్పీకరు, బీహారు గవర్నరు. దేశపు ఎల్లలను, పౌరసత్వాన్ని, విదేశీయుల రాకపోకలను నిర్ణయించిన చట్టాలలో చాలావరకు ఈయన సభలో ఉన్న కాలంలోనే రూపొందాయి. సొంత జిల్లా సరిహద్దు మారిన చట్టం కూడా వాటిలో ఒకటి.

తొలి జీవితం

ఈయన తిరుపతి సమీపంలోని తిరుచానూరులో జన్మించాడు. తిరుపతి దేవస్థానం ఉన్నత పాఠశాలలోను, మద్రాసు పచ్చయప్ప కళాశాలలోను చదివి, 1913లో న్యాయశాస్త్ర పట్టా పొందాడు. చిత్తూరులో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. గాంధీజీ పిలుపుపై సహాయ నిరాకరణోద్యమంలో చేరి కొంతకాలం వృత్తిని విడిచిపెట్టాడు. వ్యక్తి సత్యాగ్రహంలోను, క్విట్ ఇండియా ఉద్యమంలోను జైలుశిక్ష అనుభవించాడు.

కేంద్ర శాసనసభ, రాజ్యాంగసభ

1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. ప్రశ్నలతో ప్రభుత్వాన్ని ఉక్కిరిబిక్కిరి చేసే ఈయనకు ఒక ఆంగ్ల పత్రిక ఎండెన్ అని పేరు పెట్టింది. 1914లో మద్రాసుపై గుండ్లు కురిపించిన జర్మను నౌక పేరది. 1946లో విదేశీయుల చట్టాన్ని ఆమోదించినది ఈ కేంద్ర శాసనసభయే. 2025లో కొత్త చట్టం వచ్చేవరకు మన దేశంలో విదేశీయుల నివాసానికీ, బహిష్కరణకూ అదే ఆధారం.

దేశ విభజన తరువాత సరిహద్దు దాటి వచ్చిన లక్షలాది మందిలో ఎవరు పౌరులన్నది రాజ్యాంగసభ ముందున్న క్లిష్ట సమస్య. 1948 జూలై 19కి ముందు వచ్చినవారికి ఒక నియమం, తరువాత వచ్చినవారికి నమోదు నియమం ఏర్పడ్డాయి. పాకిస్తాను నుండి రాకపోకలను నియంత్రించే చట్టం 1949లోను, అస్సాం నుండి వలసవచ్చినవారిని పంపివేసే చట్టం 1950లోను వచ్చాయి. అయ్యంగార్ రాజ్యాంగసభ శాసన విభాగంలోను, 1952లో మొదటి లోక్‌సభలోను ఉపసభాపతిగా ఎన్నికయ్యాడు. పౌరసత్వ చట్టం (1955) ఆమోదం పొందినపుడు ఆ పదవిలోనే ఉన్నాడు.

స్పీకరుగా

మావలంకర్ మరణానంతరం 1956 మార్చిలో స్పీకరయ్యాడు. 1952లో తిరుపతి నుండి గెలిచిన ఈయన 1957లో చిత్తూరు నుండి గెలిచి మళ్ళీ స్పీకరుగా ఎన్నికయ్యాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పటినుండి చిత్తూరు జిల్లా దక్షిణపు హద్దు తగవులో ఉంది. వేంకటాద్రియే తమిళదేశానికి ఉత్తరపు హద్దని ప్రాచీన గ్రంథాలను చూపి, ఎం.పి.శివజ్ఞానం ప్రభృతులు తిరుపతితో సహా ఈ ప్రాంతాన్ని కోరారు. మధ్యవర్తిగా నియమితుడైన హెచ్.వి.పటాస్కర్ సిఫారసుల మేరకు 1959లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా దాదాపు పూర్తిగా మద్రాసుకు పోగా, సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలో చేరింది. తిరుపతి ఆంధ్రలోనే నిలిచింది.

స్పీకరుకు సాధారణంగా ఓటు లేదు. ఇరుపక్షాలూ సమానమైనపుడే వేయాలి. కనుక తన జిల్లా గ్రామాలు చేతులు మారుతున్న వేళ వాటి ప్రతినిధియే పక్షం వహించి వాదించే వీలు లేకపోయింది. అప్పటి రాజ్యసభ అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టి తిరుపతిలో చదువుకున్నవాడు కావడం మరొక విశేషం. పార్లమెంటు రెండు సభల అధ్యక్షులూ ఈ నేలవారే.

రాష్ట్రాల హద్దును మార్చడానికి పార్లమెంటు చేసే మామూలు చట్టం చాలు. పరాయి దేశానికి భూమి ఇవ్వడానికి అది చాలదని బేరుబారి వ్యవహారంలో తేలింది. 1958 నెహ్రూ-నూన్ ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతంలో సగాన్ని పాకిస్తానుకు ఇవ్వాలి. దానికి రాజ్యాంగ సవరణ అవసరమని 1960 మార్చిలో సుప్రీంకోర్టు అభిప్రాయపడగా, ఆ సంవత్సరాంతంలో తొమ్మిదవ సవరణ వచ్చింది. అయినా అప్పగింత జరగలేదు. 2015లో నూరవ సవరణతో గాని సరిహద్దు తగవు తీరలేదు.

ఇదే కాలంలో ఉత్తర సరిహద్దు వేడెక్కింది. 1959 మార్చిలో దలైలామా భారత్‌లో ఆశ్రయం పొందాడు. ఆగస్టులో అక్సాయ్‌చిన్ రహదారి సంగతిని నెహ్రూ సభకు తెలిపాడు. అక్టోబరులో లడఖ్‌లో మన పోలీసులు చైనా కాల్పులలో మరణించారు. ఇటువంటి వేళ ప్రతిపక్షం తెచ్చే వాయిదా తీర్మానాలను అనుమతించాలా వద్దా అన్నది స్పీకరు నిర్ణయం. ఒకప్పుడు ప్రశ్నలకు పేరుపడ్డవాడు ఇప్పుడు ప్రశ్నలకు హద్దులు గీయవలసివచ్చింది.

గవర్నరుగా

1962లో చిత్తూరు నుండి మళ్ళీ గెలిచినా, మే నెలలో బీహారు గవర్నరుగా వెళ్ళాడు. ఖాళీ అయిన స్థానంలో స్వతంత్ర పార్టీ నాయకుడు ఎన్.జి.రంగా గెలిచాడు. ఆ అక్టోబరులోనే చైనా దండెత్తింది. 1966-67 కరువునూ, రాష్ట్రంలో మొదటి కాంగ్రెసేతర ప్రభుత్వాన్నీ చూసి, 1967 డిసెంబరులో పదవి విడిచాడు. తరువాత తిరుపతి కేంద్రీయ సంస్కృత విద్యాపీఠానికి సేవచేశాడు.